కదిలే రాయి మీద గుర్తు

పొద్దున ఐదింటికి రై రొట్టె కోసి, పొగబెట్టిన పందిమాంసం పలుచగా తరిగి, గుడ్డలో మూట కట్టడం ముప్పై ఒక్క ఏళ్ళుగా నా మొదటి పని. ఆ మూట మా ఆయన కాసియన్‌ది. ఫిబ్రవరిలో ఆయన పోయాక కూడా నెలన్నరపాటు నా చేతులు ఆ పని చేస్తూనే ఉన్నాయి. ఆ రొట్టె తిని కోళ్ళు బాగా బలిశాయి. తర్వాత మానేశాను. జూలైలో ఒక శనివారం మళ్ళీ కట్టాను, ఈసారి నా కోసం.

కాసియన్ రంపపు మిల్లులో పనిచేసేవాడు. సెలవు రోజుల్లో మాత్రం మా లోయ నుంచి టోపీలవాళ్ళ దాకా ఎక్కే దారి ఆయనది. టోపీలవాళ్ళంటే పైన వాలులో నిలబడ్డ మట్టి స్తంభాలు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో బండరాయి. చూడవచ్చేవాళ్ళు తప్పిపోకుండా దారి పొడుగునా రాళ్ళ మీద ఎరుపు తెలుపు పట్టీలు ఉంటాయి. జీతం లేకుండా ఇరవై ఆరేళ్ళు వాటికి ఏటా కొత్త రంగు వేశాడు. రంగు డబ్బాలు నా వంటింట్లో పిండి డబ్బా పక్కనే ఉండేవి. గుర్తు వేసే ముందు ప్రతి రాయినీ మూడుసార్లు తన్నేవాడు. “కదిలే రాయి అబద్ధమాడుతుందే” అనేవాడు. ఒక పెళ్ళివిందులో బల్లకాలిని కూడా తన్ని చూసి మరీ కూర్చున్నాడు. పోయిన అక్టోబరులో ఊపిరి అందకపోయినా, నేను వద్దన్నా, ఒక్కడే వెళ్ళి రంగు వేసి వచ్చాడు.

జూన్‌లో చూడవచ్చిన ఇద్దరు ఒక గుర్తును నమ్మి పక్క లోయలోకి దిగి, ఎక్కలేక, దిగలేక సాయంత్రం దాకా ఇరుక్కుపోయారు. తర్వాతి ఆదివారం చర్చి గేటు దగ్గర దారుల సంఘం పెద్ద హార్ట్‌మన్ టోపీ తీసి నా ముందు నిలబడ్డాడు.

“ఆఫ్రమ్మా, ఏమీ అనుకోకు. ఆ గుర్తు వదులు రాయి మీద ఉందట. మంచు కరిగినప్పుడు రాయి దొర్లిపోయింది. కాసియన్ వేసిందే అంటున్నారు.”

“ఆయన వెయ్యడు.”

“నేనూ అదే అన్నాను. కానీ...”

“నేను వెళ్ళి చూస్తాను.”

“నువ్వా? అది నిట్టనిలువు దారమ్మా!”

మేత పొలం దాటి పైకి నేనెప్పుడూ ఎక్కలేదు. అయినా వెళ్ళాలనే అనుకున్నాను. ఆ మాట నిజమో కాదో ఇంకొకరి నోట వినదల్చుకోలేదు.

శనివారం మా గేటు దగ్గర కాసియన్ అక్క నోట్‌బుర్గా కర్ర పట్టుకుని నిలబడి ఉంది. అరవై ఎనిమిదేళ్ళు.

“ఎందుకొచ్చావు వదినా?”

“నువ్వు పడితే నీ కోళ్ళకు గింజలెవరేస్తారే? నడు.”

అడవిలో దారి వేర్ల మీదుగా పైపైకి మెలికలు తిరిగింది. ఆ తర్వాత చెట్లు లేవు, ఇనుప గొలుసు పట్టుకుని ఎక్కాలి. ఆగితే మళ్ళీ లేవలేనని ఆగలేదు. వెనక వదిన ఒగరుస్తూనే తిడుతోంది. “మెల్లగానే తల్లీ, టోపీలవాళ్ళు ఎక్కడికీ పోరు!”

మధ్యాహ్నానికి అవి కనిపించాయి, ఎండలో పసుపుగా, వరసగా. నేను వాటిని సరిగా చూడలేదు. కింద పక్క లోయ మొదట్లో దొర్లిపడ్డ రాయినే చూశాను. పొయ్యి అంత ఉంది. దాని మీద ఎరుపు, మధ్యలో తెలుపు. తెల్లపట్టీ కుడివైపుకు కాస్త పైకి లేచి ఉంది. మిల్లులో భుజం విరిగినప్పటి నుంచి ఆయన గీత అలాగే లేస్తుంది.

“ఆయనదే వదినా” అన్నాను.

వదిన కర్రతో దారి పక్కకు చూపించింది.

ఆ రాయి ఇదివరకు ఉన్న గుంట దారి పక్కనే కనిపించింది. దాని పైన ఛాతీ ఎత్తున కదలని కొండరాయి. ఆ రాతి మీద వెలిసిపోయిన పాత గుర్తు. ఏటా అక్కడికి ఎక్కి వేసేవాడు. అక్టోబరులో ఎక్కలేకపోయాడు. చేతికందిన రాయి మీద వేసి వచ్చాడు.

నేను మూటతో పాటు తెచ్చిన రంగు డబ్బా, కుంచె తీశాను. వదిన కింద నుంచి భుజం పెట్టి తోసింది.

“ఏం తింటావే, రాళ్ళా?”

“నువ్వు తొయ్యి వదినా.”

ఎక్కాను. కొండరాతిని మూడుసార్లు తన్ని, పాత గుర్తు మీదనే రంగు వేశాను.

రాతి మీంచి దిగాక వదిన తన సంచిలోంచి ఇనుప బ్రష్ తీసి ఇచ్చింది. తప్పు గుర్తును గీకేయాలి, అది సంఘం నియమం.

“హార్ట్‌మన్‌కి ఏం చెప్తావు?”

“ఆయనే వేశాడని చెప్తాను. పైకి ఎక్కలేక వేశాడని కూడా చెప్తాను.”

ఇద్దరం ఆ రాయి దాకా జాగ్రత్తగా దిగి, కర్రతో మీటి, ఆ రాయిని బోర్లా తిప్పాం. రంగు మట్టి వైపుకు వెళ్ళింది. ఇక ఎవరికీ కనిపించదు, ఎవరినీ తప్పుదారి పట్టించదు.

“మరి గీకవా?” అంది వదిన.

“గీకను” అని బ్రష్‌ను మళ్ళీ వదిన సంచిలో పెట్టేశాను.