కొండచిలువకు దారి

వాన వెలిసిన ఉదయం, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న మౌంటెన్ బైక్ మీద బుచ్చయ్యపేట దగ్గర కొండ దిగుతున్నాను. ఎర్రమట్టిలో వెడల్పాటి టైర్లు కూడా జారుతున్నాయి. ఎదురుగా నడిచి వస్తున్న ఒక రైతు చెయ్యెత్తాడు.

"ఆగు బావా."

ముక్కూ మొహం తెలియని నన్ను బావా అన్నాడేమిటనుకుంటూనే రెండు బ్రేకులూ నొక్కాను. మా మధ్య, దారికి అడ్డంగా, నా తొడంత లావు కొండచిలువ పాకుతోంది. ఒళ్ళంతా తడికి మెరుస్తోంది. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, పెద్దలు ఎదురైనట్టు పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

"కర్రతో తోలెయ్యకూడదా?" మెల్లగా అడిగాను.

"ఎందుకు బావా? ఈ కొండ ఆయనదే. మనమే సుట్టపుసూపుగా వచ్చేం."

తోక పొదల్లోకి జారుకునేదాకా ఇద్దరం కదల్లేదు. అప్పుడు చూసుకుంటే నా హెల్మెట్ చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు.