మగ్గం గుంట మట్టి

బడిలో ఇచ్చిన ఎర్ర మందు గోలీని అరచేతిలో పెట్టుకుని మొన్న మా మనవరాలు అన్నాల దగ్గర అందరి ముందూ ప్రకటించింది: "అమ్మమ్మా, నాకు రక్తం తక్కువట!" ఏదో బహుమతి వచ్చినట్టే చెప్పింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎవరైనా విన్నారేమోనని వీధి తలుపు వైపు చూశాను. డెబ్బై దాటినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

అవి అరవై అయిదులో యుద్ధం జరిగిన రోజులు. అమీర్‌పేటలో మాది పెంకుటిల్లు. ముందు గదిలో సగం నాయన మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం. నూలు తెగకుండా ఉండాలని నాయన పొద్దున్నే గుంట గోడల మీద నీళ్ళు చిలకరించేవాడు. ఆ తడిమట్టి వాసనకు నాకు నోరూరేది. తోటి పిల్లలు బెల్లానికీ చింతపండుకూ ఆశపడితే, నా ప్రాణమంతా ఆ మట్టి మీదే. నాయన బజారుకు పోగానే గుంటలో దిగి, తలుపు వైపు గోడ గిల్లి బుగ్గన పెట్టుకునేదాన్ని. గోడ తరిగిపోతుంటే నాయన పందికొక్కులని అనుమానపడి బోను పెట్టాడు. బోనులోని ఎండుకొబ్బరి ముక్కను నేను ముట్టనైనా ముట్టలేదు.

అప్పటికి పెద్దమనిషినై ఏడాదైంది. ఒంట్లో రంగు రోజురోజుకూ పాలిపోతోంది. మా ఇంట్లో దాన్ని జబ్బనుకోలేదు, అందమనుకున్నారు. "పిల్ల మస్తు తెల్లవడ్డది, ఇంక సంబంధాలకు ఫికర్ లేదు" అని మేనత్త మురిసిపోయేది. పంజాగుట్ట దాకా నడవలేక ఆయాసంతో ఆగిపోతే, ఆడపిల్ల నడక అలాగే ఉండాలని మెచ్చుకుంది కూడా. అలా మెప్పులూ మట్టీ తింటూ ఉండగానే లక్డీకాపూల్ నుంచి ఒక సంబంధం వచ్చింది.

పెళ్ళిచూపుల రోజు గుండె దడ తగ్గుతుందని చిటికెడు మట్టి నోట్లో వేసుకున్నాను. పుక్కిలించేలోపే పిలిచారు. పిల్లాడి తల్లి నా గడ్డం పట్టుకుని, "జర నవ్వు బిడ్డా, పండ్లు సూస్తం" అంది. నవ్వాను.

"గిదేంది, మన్ను తింటదా పిల్ల?"

వాళ్ళు మంచినీళ్ళైనా ముట్టకుండా లేచిపోయారు. మేం ఖాలా అని పిలిచే పక్కింటావిడ గడపలో నిలబడి అంతా చూసింది. భూమిలోకి కుంగిపోవాలనిపించింది, అప్పటికే కొంత భూమి నాలోకి వచ్చేసింది.

"పరువు దీసినవ్ గదే!" అని ఏడుస్తూ అమ్మ నన్ను కొట్టింది. ఆ సాయంత్రమే పేడ కలిపి గుంట గోడలు అలకడానికి దిగింది. దీపం పట్టుకున్న నాయన తలుపు వైపు గోడ చూశాడు, తర్వాత ఎదుటి గోడ చూశాడు.

"గిటు సుత పోయిందేందే? పోరి గిల్లింది అటే గదా?"

ఆ ఎదుటి గోడ పక్కన రోజంతా కూర్చుని కండెలు చుట్టేది అమ్మే. ఆమె తల ఎత్తలేదు, అలుకుతూనే ఉంది. నాయన దీపాన్ని మళ్ళీ తలుపు వైపు గోడకు తిప్పాడు. తర్వాత అమ్మ చేతులు కడుక్కుని వచ్చి నాకు జొన్న గటక పెట్టింది. ఆ గోళ్ళు నా గోళ్ళలాగే తెల్లగా ఉన్నాయి. తాను తినేది అందరూ తిన్నాక, అదీ కుండలో మిగిలితేనే. అమ్మ కూడా ఆ మట్టే తినేదని ఆ పూటే అర్థమైంది. అయినా మేమిద్దరం ఆ మాట ఎన్నడూ అనుకోలేదు. నా సిగ్గు కంటే ఆమె సిగ్గు పెద్దది.

మనవరాలు గోలీ మింగి, టీచర్ చూపించినట్టు నా కంటి కింది రెప్ప లాగి చూసింది. "నీకు సుత తక్కువనే అమ్మమ్మా!" అంది గట్టిగా. ఈసారి నేను తలుపు వైపు చూడలేదు. మా ఇంట్లో ఒక ఆడదాని రెప్ప లాగి చూసే చెయ్యి పుట్టేసరికి, మొదట చూడవలసిన అమ్మ కళ్ళు ఎప్పుడో మూతపడ్డాయి.