ఏమీ అడక్కుండా కూర్చున్న పొద్దు

మా చిన్నమ్మాయి చోడవరంలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, పరీక్ష పేపరు చూస్తే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టి పెన్ను జారిపోయేది. ప్రీఫైనల్‌లో రెండుసార్లు తెల్లకాగితం ఇచ్చి వచ్చింది. ఇక అసలు పరీక్షలకు వెళ్లనంది. అలాంటి పిల్లలకు కాలేజీలో ఒక మేడమ్ వచ్చి, ఊపిరిని గమనిస్తూ ఊరికే కూర్చోవడం నేర్పుతోందట. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

ఒకరోజు పొద్దున్నే పిల్ల చాప మీద కళ్లు మూసుకుని కూర్చుంది. ప్రార్థన కాబోలనుకున్నాను. మా ఇంటి అలవాటు చొప్పున పక్కనే మోకరించి పైకే మొదలుపెట్టాను.

"ప్రభువా, ఈ బిడ్డ చదివిందంతా జ్ఞాపకం ఉంచు తండ్రీ. సంఘంలో మమ్మల్ని సిగ్గుపడనియ్యకు తండ్రీ. వాళ్ల నాన్న ఎంత కష్టపడుతున్నాడో నీకు తెలుసు తండ్రీ..."

పిల్ల కళ్లు తెరిచింది. "అమ్మా, ఇది దేవుడికి సెప్తన్నావా, నాకు సెప్తన్నావా?"

"దేవుడికేనే."

"మరి నాకెందుకే గుండె దడొస్తంది?"

"అయితే నన్నేటి సెయ్యమంటావు?" అన్నాను.

"ఏటీ అడక్కుండా కూకో."

దేవుడి ముందు గానీ, పిల్ల ముందు గానీ నేనెప్పుడూ అలా కూర్చోలేదు. ఆ పొద్దు కూర్చున్నాను. కాసేపటికి దాని ఊపిరి వినిపించింది. చంటిపిల్లగా ఉన్నప్పుడు జ్వరమొస్తే ఆ ఊపిరికే చెవి ఒగ్గి ఉండేదాన్ని. ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

మొదటి పరీక్షకు పిల్ల వెళ్లింది. సాయంత్రం ఇంటికి రాగానే, ఎలా రాశావన్న మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. అన్నం పెట్టాను.