లింబవ్వ గిర్ని పాడిన పాట

ఒక పిండిమరను నేను మహాకళాకారిణిని చేసి హైదరాబాదు పోస్టరు మీదికి ఎక్కించాను. ఎక్కించినదాన్ని దించేలోపు ఒక శనివారం పొద్దున నేను పడిన పాట్లు వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, తుమ్ములొచ్చాయి.

నా పేరు రూతు. మాది బోధన్. మా బాపు శక్కర్‌నగర్ దగ్గర బట్టలు కుడతాడు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, నిజామాబాద్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పని. రోజూ బస్సులో పోయి రావడం. ఆ బస్సులోనే నాకు అండర్‌గ్రౌండ్ ఎలక్ట్రానిక్ సంగీతం పట్టుకుంది. జలుబు పట్టుకున్నట్టే పట్టుకుంది, కాకపోతే తగ్గలేదు.

ఈ సంగీతంలో పల్లవి, చరణం వెతక్కండి. చాలావాటిలో మాటలే ఉండవు. ఎక్కడో ఎవరో ఒక గదిలో కూర్చుని, కంప్యూటరుతోనూ మీటల పెట్టెలతోనూ చేసిన మోతలు. నచ్చనివాళ్లకు తలనొప్పి, నచ్చినవాళ్లకు ప్రాణం. పాటల యాప్‌లో ఒకటి వింటే కింద ఇలాంటివే మరికొన్ని చూపిస్తుంది. వాటిలో ఒకటి నొక్కితే దాని కింద ఇంకొన్ని. దిగుడుబావి మెట్లు దిగినట్టు దిగుతూ పోవాలి. పైమెట్ల మీద లక్షల మంది శ్రోతలు. అడుగుకు పోతే ముప్పై మంది. అలా ముప్పై మంది మాత్రమే విన్న పాటను ముప్పై ఒకటో మనిషిగా నేను విన్న రోజు, బస్సు ఎడపల్లి దాటుతుండగా, ఈ రహస్యం నాక్కూడా తెలుసు కదా అని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కసీట్లో ఉన్న ముసలమ్మ నా భుజం మీద చెయ్యేసి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది.

ఇలాంటి పిచ్చివాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. పేరు 'లోతు'. దాన్ని నడిపేది హైదరాబాదులో ఉండే కార్తీక్. వారానికొకరు ఒక కొత్త కళాకారుణ్ని కనిపెట్టి తేవాలి, శ్రోతలు వందకు మించకూడదు. తక్కువ మంది విన్నవాణ్ని తెచ్చినవాళ్లకు ఎక్కువ మర్యాద. నేను ఎంత అడుగు నుంచి తవ్వి తెచ్చినా కార్తీక్ నుంచి ఒకటే జవాబు: "ఇది మేం నిరుడే విన్నాం రూత్." వెంటనే మేఘన అనే అమ్మాయి నవ్వుతున్న బొమ్మ పెట్టేది. ఆ పసుపుపచ్చ బొమ్మ నాకు కలల్లోకి కూడా వచ్చేది. బోధన్ పిల్లకు ఏం తెలుసులే అన్నట్టుండేది దాని మొహం. వాళ్లు అలా అనుకున్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం అనుకున్నారనే అనుకున్నాను.

ఒకరోజు అమ్మ జొన్నలిచ్చి లింబవ్వ గిర్నికి పంపింది. గిర్ని అంటే మా దగ్గర పిండిమర. లింబవ్వకు అరవై దాటాయి, గల్లీ మొత్తానికీ కారం, పసుపు, పిండి ఆమె చేతి మీదుగానే రావాలి. నేను స్నేహితురాలికి ఫోనులో మాట పంపుదామని రికార్డు నొక్కి, అంతలో నా వంతు వస్తే ఫోను జేబులో పడేశాను. అది పదకొండు నిమిషాలు దాని పని అది చేసుకుపోయింది. ఇంటికొచ్చి చెవుల్లో పెట్టుకుని విన్నాను. అడుగున గుమ్... గుమ్... గుమ్. దాని మీద సన్నగా సాగే కిర్రుమనే రాగం. ఏడు దెబ్బలకొకసారి, సరిగ్గా ఊహించని చోట, టక్.

నిజం చెబుతున్నాను, ఆ ఏడాది నేను విన్నవాటిలో అంత గొప్పది లేదు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. నేను దాన్ని గ్రూపులో పెట్టి ఇలా రాశాను: "కొత్త పేరు. లింబ. ఏ యాప్‌లోనూ దొరకదు. శ్రోతలు సున్నా."

అరగంట తర్వాత గ్రూపు మొత్తం ఒక్కసారి లేచింది.

"ఆ కిర్రుమనే శబ్దంలో ఎంత ఒంటరితనం!" అని మేఘన.

"ఏడో దెబ్బకు ఆ టక్ చూశారా? కావాలనే లెక్క తప్పిస్తున్నాడు. ఏం పరికరం వాడతాడు రూత్?" అని కార్తీక్.

"చాలా పాతది. బెల్టుతో నడుస్తుంది" అని రాశాను.

"కంప్యూటరు లేకుండానా!"

"అసలే లేదు."

"జనం ముందు వాయిస్తాడా?"

"రోజూ. పొద్దున తొమ్మిదింటి నుంచి. ఇంకో మాట, నడిపేది ఆయన కాదు, ఆమె. అరవై దాటాయి."

ఆ ఒక్క వాక్యానికి ఎన్ని గుండె బొమ్మలు వచ్చాయంటే ఫోను వేడెక్కింది. మీరు గమనించారో లేదో, నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అన్నీ నిజాలే. నిజాలతో ఇంత పెద్ద మోసం చెయ్యొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. దుకాణంలో ఒకాయనకు దూరపుచూపు అద్దాలకు బదులు దగ్గరచూపువి ఇచ్చి పంపాను. ఆయన గడప దగ్గరే తూలి, "అమ్మా, రోడ్డు మీదికొస్తున్నదేంది!" అని వెనక్కి వచ్చాడు.

గురువారం కార్తీక్ నుంచి ఒక పోస్టరు వచ్చింది. హైదరాబాదులో కొత్త కళాకారుల కార్యక్రమం. అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో: లింబ, బోధన్. తొలిసారి. కింద అతని మాట: "శనివారం నేనూ మేఘనా బోధన్ వస్తున్నాం. ఆవిడను స్వయంగా పిలవడం మర్యాద కదా. అడ్రసు పంపు."

ఫోను చేసి నిజం చెప్పేద్దామని నంబరు నొక్కాను, మోగకముందే పెట్టేశాను. మళ్లీ నొక్కాను, మళ్లీ పెట్టేశాను. చివరికి అడ్రసే పంపాను. పిరికితనానికి కూడా ఒక తెలివి ఉంటుంది. నా తెలివి ఇలా నడిచింది: వాళ్లను నేరుగా గిర్ని దగ్గరికే తీసుకెళ్తాను. మోత వినిపిస్తాను. కళ్లు మూసుకుని వింటారు, పరవశిస్తారు. అప్పుడు మెల్లగా, "యంత్రంలో కూడా సంగీతం ఉంటుంది" అని ఒక పెద్దమాట చెబుతాను. వాళ్లు నన్ను మెచ్చుకుని తిరిగి వెళ్తారు.

శనివారం పది గంటలకు గిర్ని దగ్గరికి పోయాను. గిర్ని నడుస్తోంది. మోత లేదు. వెన్న మీద కత్తి జారినట్టు, సుయ్యిమని నడుస్తోంది.

"అవ్వా! గిర్నికి ఏమైంది?"

"ఏమైతది బిడ్డా, మంచిగైంది" అని లింబవ్వ మొహం వెలిగిపోయింది. "రెండు నెల్ల సంది చెవులు తూట్లు పొడిసింది. నిన్న సలీం బేరింగ్ మార్సిండు."

పక్కన మెకానిక్ సలీం భాయ్ చేతులు తుడుచుకుంటూ, మెప్పు కోసం నిలబడి ఉన్నాడు. "సూడు బేటీ, ఎట్ల నడుస్తుందో. మక్కన్, వెన్న లెక్క!"

"భాయ్, నీ కాళ్లు మొక్కుత. పాత బేరింగ్ మల్ల పెట్టు."

"క్యా?"

"గదే, పాతది. కిర్రుమనేది. ఒక్క గంటకు పెట్టు."

సలీం భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ముప్పై ఏండ్ల సంది రిపేర్లు చేస్తున్న. మంచిగైనదాన్ని మల్ల ఖరాబ్ చెయ్యమన్న గిరాకివి నువ్వొక్కదానివే. తబియత్ మంచిగుందా?"

"పోనీ బెల్టన్న లూజు చెయ్యి భాయ్! ఆ పక్క పట్టీ ఊడగొట్టు, టక్ టక్ అంటది!"

"ఏయ్ పిల్లా!" లింబవ్వ చేట కింద పెట్టి లేచింది. "నా గిర్ని మీద నీకేం పగనే? ఏమైందో సక్కగ చెప్పు."

చెప్పాను. జొన్నల రోజు నుంచి పోస్టరు దాకా, ఒక్క ఊపిరిలో. లింబవ్వ అంతా విని నా వైపు వంగింది.

"అంటే నా గిర్ని పాట వాడుతదని చెప్పినవా?"

"గిర్ని కాదవ్వా. నువ్వే వాయిస్తవని చెప్పిన."

"నేనా!"

ఫోనులో పోస్టరు చూపించాను. లింబవ్వ దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "నా పేరు గింత పెద్దగ ఎవ్వలు రాయలే. ఓట్ల లిస్టుల గూడ తప్పే రాసిండ్రు" అంది. కోపమో సంతోషమో పోల్చుకునేలోపే గల్లీ మొదట్లో కారు ఆగింది.

కార్తీక్ నల్లచొక్కా వేసుకుని, గుడిలోకి వస్తున్నవాడిలా చెప్పులు బయట విడిచి వచ్చాడు. మేఘన వచ్చీ రాగానే వంగి లింబవ్వ కాళ్లకు దండం పెట్టింది.

"అమ్మా, మీ సంగీతంలో ఆ ఒంటరితనం విని నేను ఏడ్చాను."

"ఒంటరితనం యాడిది బిడ్డా," అంది లింబవ్వ. "నలుగురు కొడుకులు, నలుగురు కోడండ్లు, తొమ్మిదిమంది మనుమలు, మనుమరాండ్లు. ఇంట్ల కాలు పెట్ట సందు లేదు. నేను గిర్నికొచ్చేదే కాసేపు సల్లగ కూసుందామని."

కార్తీక్ గొంతు సవరించుకున్నాడు. "మరి ఆ సన్నటి రాగం అమ్మా... పైన సాగుతూ ఉంటుంది చూడండి..."

"అది బేరింగ్ సార్," అన్నాడు సలీం భాయ్.

"ఏడో దెబ్బకు వచ్చే ఆ టక్?"

"బెల్టుకు అతుకుంది. అతుకు తిరిగొచ్చినప్పుడల్ల టక్ అంటది. రెండూ మార్సిన సార్, ఇగ పరేషాన్ లేదు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను దాచుకున్న పెద్దమాట బయటికి తీయబోయాను. "యంత్రంలో కూడా..." అన్నాను. సరిగ్గా అప్పుడే, మాటలతో తనకేం పని అన్నట్టు, రెంజల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన మిరపకాయల సంచి తెచ్చి గిర్ని నోట్లో కుమ్మరించాడు.

ఆ తర్వాత నేను చెప్పిన క్షమాపణ ప్రపంచంలో ఎవరూ చెప్పి ఉండరు. "కార్తీక్, నేను అబద్ధం... హాచ్! ...ఆడలేదు గానీ నిజం... హాచ్! ...దాచాను. మీరందరూ నన్ను చిన్నచూపు... హాచ్! ...చూస్తున్నారని..." కార్తీక్ ఏదో అనబోయి వరసగా ఐదుసార్లు తుమ్మాడు. మేఘన కొంగులాంటి చున్నీలో మొహం పెట్టి, ఈసారి నిజంగానే ఏడ్చింది. లింబవ్వా, సలీం భాయ్ మాత్రం ఏమీ పట్టనట్టు నిలబడి మమ్మల్ని జాలిగా చూస్తున్నారు.

గిర్ని ఆగాక కార్తీక్ జొన్నల బస్తా మీద కూలబడ్డాడు. కళ్లు చింతనిప్పులు. అది కారమో కోపమో తెలియక నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. ఇక గ్రూపు లేదు, పాటలు లేవు, జన్మంతా బస్సులో కండక్టరు విజిలే వినాలి అనుకున్నాను. అతని భుజాలు కదలడం మొదలైంది. ముందు దగ్గనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"కావాలనే లెక్క తప్పిస్తున్నాడు అని ఎంత పెద్ద వ్యాసం రాశాను నేను!" అన్నాడు. "బెల్టు అతుకు మీద!"

"నేను అతుక్కి ఏడ్చాను," అంది మేఘన చున్నీలోంచి. "చిన్నచూపు ఎవరు చూశారు రూత్? నువ్వు తెచ్చేవన్నీ బాగుంటాయనేగా నేను ఆ నవ్వు బొమ్మ పెట్టేది!"

ఆ పసుపుపచ్చ మొహం నన్ను మెచ్చుకునేదా! గుండెల మీద నుంచి మిరపకాయల బస్తా దించినట్టయింది. అంత తేలికపడ్డాను కాబట్టే ఇప్పుడు మీకు ఇది చెప్పగలుగుతున్నాను.

కార్తీక్ లేచి లింబవ్వను, "అమ్మా, ఊరికే చూడటానికైనా హైదరాబాదు రండి" అని పిలిచాడు. "గిర్ని బందు పెట్టి యాడికొస్త బిడ్డా, పెండ్లిండ్ల సీజను" అని ఆమె తేల్చేసింది. పోస్టరు మార్చారు. ఆ పదకొండు నిమిషాల మోత మాత్రం కార్యక్రమంలో వినిపించారు, ముందే 'పిండిమర' అని చెప్పి మరీ. జనం చప్పట్లు కొట్టారట.

అసలు దెబ్బ ఇంకా ఉంది. చాయ్ తాగుతుండగా సలీం భాయ్, "ఇంతకు మీరు వినే పాటలెట్లుంటయ్ సార్?" అని అడిగాడు. కార్తీక్ ఉత్సాహంగా ఆయన చెవుల్లో తన హెడ్‌ఫోను పెట్టి, సముద్రాల అవతల నుంచి ఏరి తెచ్చిన తన ప్రాణప్రదమైన పాట వినిపించాడు. సలీం భాయ్ కళ్లు మూసుకుని, తల వంచి, డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు.

"దీనికి గేరు పన్ను ఇరిగింది," అన్నాడు.

రెండోది పెట్టాడు.

"ఇది మోటారు వేడెక్కుతున్నది. కాయిల్ కాలే టైమొచ్చింది."

మూడోది కార్తీక్ ఏళ్ల తరబడి ఎవరికీ వినిపించకుండా దాచుకున్నది. సలీం భాయ్ అరనిమిషం విని, హెడ్‌ఫోను తీసి, ఎంతో దయగా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"దీన్ల ఏం లేదు సార్. గ్రీజు పెడితే సాలు."

ఆ రోజు లింబవ్వ గిర్ని గడప మీద, ముక్కు తుడుచుకుంటూ, కారం అంటిన కుడిచెయ్యి పైకెత్తి నేను చేసిన ప్రమాణాన్ని నేటికీ తప్పలేదు: ఇకమీదట ఎంత లోతు నుంచి ఎంత గొప్ప కళాకారుణ్ని కనిపెట్టినా, నలుగురికి చెప్పేముందు ఆయన వీపు వెనక ఒకసారి చెయ్యి పెట్టి, స్విచ్చు లేదని రూఢి చేసుకుంటాను.