అణాబిళ్ళ మీది అక్షరాలు

శుక్రవారం పొద్దున చింతపండు గుజ్జుతో పాత నాణేలు తోముతాను. ఆ తరువాత ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా, పులుపూ లోహపు చేదూ కలిసిన ఒక వాసన మధ్యాహ్నం దాకా వేళ్ళను వదలదు. చిల్లు కాణీలు, బొమ్మ అరిగిపోయిన దమ్మిడీలు, గడ్డం రాజు రూపాయి ఒకటి, అంచంతా అలలు అలలుగా ఉన్న అణాబిళ్ళ ఒకటి, అన్నీ దేవుడి అరలో ఇత్తడి గిన్నెలో ఉంటాయి. "గవి అంగట్ల ఎవరూ తీసుకోరు గద అత్తమ్మా, ఎందుకంత తోముతవు?" అంటుంది కోడలు. ఎవరూ తీసుకోరు గనుకనే అవి నా దగ్గర మిగిలాయి, అదీ దేవుడి దయే అనుకుంటాను.

మాది భోపాల్‌పట్నం, నదికి అవతల తెలుగు రాష్ట్రం, ఇవతల హిందీ రాష్ట్రంలో మా ఊరు. నా చిన్నప్పుడు, మేము బాపు అని పిలిచే మా నాన్నకు అంగడి వీధిలో ఉప్పు, పొగాకు దుకాణం ఉండేది. ఎండలు మొదలయ్యేసరికి వాకిళ్ళలో ఆరబోసిన ఇప్పపూల తీపి వాసన వీధంతా కమ్మి తలకు పట్టేది, దాని వెనక తునికాకు కట్టల పసరు వాసన, వానలు పడ్డాక గోనెసంచుల్లో చెమ్మగిల్లిన ఉప్పు వాసన. నెలల పేర్లు నోటికి రాకముందే కాలాలు నా ముక్కుకు తెలుసు. అంగడి రోజు అడవి పల్లెల నుంచి దోర్ల ఆడవాళ్ళు సారపప్పు గంపలతో దిగేవారు. వాళ్ళ మెడల్లో రాజు బొమ్మ రూపాయలు గుచ్చిన దండలు గలగలమంటుంటే, మేము పిల్లలం గచ్చకాయలు ఆపేసి ఆ చప్పుడు వెంట కొంత దూరం నడిచేవాళ్ళం. అణా ఇస్తే దోసిలి నిండా పుట్నాలు, పైన ఒక బెల్లం గడ్డ. బాపు ఒక్క పూటలోనే దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు అన్నీ మాట్లాడేవాడు, రాయడం మాత్రం హిందీలోనే.

ఊళ్ళో బడి కూడా హిందీదే. నేను దాని గడప తొక్కలేదు. మా బాపమ్మకు, అంటే బాపు వాళ్ళమ్మకు, కళ్ళకు పొర కమ్మింది. ఆమె చెయ్యి పట్టుకు తిప్పడానికి నన్ను ఇంట్లోనే ఉంచేశారు. ఆ చెయ్యి పట్టుకోవడమే నా బడి అయింది, ఆ సంగతే చెబుతాను.

బాపమ్మ నడుముకు ఒక గుడ్డసంచి చెక్కుకునేది. అందులో వక్కలు, లవంగాలు, నాణేలు కలిసే ఉండేవి. అందుకే మా ఇంటి డబ్బులన్నీ లవంగం వాసన వేసేవి. చూడకుండానే, తడిమి, ఏది ఎంతో చెప్పేది. నాలుగు మూలలుంటే బేడ, అంటే రెండణాలు, అలల అంచుంటే అణా. నదికి ఆ ఒడ్డున నిజాం హాలీ రూపాయి, ఈ ఒడ్డున దొరల కల్దారు రూపాయి నడిచిన రోజుల్లో, రెంటినీ చప్పుడుతోనే పోల్చేదాన్నని గొప్పలు పోయేది.

ఒక ఏడు శ్రీరామనవమికి మా మేనమామ భద్రాచలం నుంచి వస్తూ పాటల పుస్తకం ఒకటి తెచ్చాడు. మొదటి పాట మాత్రం మాకు నేర్పి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు. పుస్తకానికి కుంకుమ పెట్టి, పానకం, వడపప్పు చూపించి, దేవుడి పక్కనే పెట్టేశాం. బాపమ్మ రోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అట్ట నిమిరేది.

"రామయ్య దీనిలోపట నోరు మూసుకొని కూసున్నడు బిడ్డా. నేను పోయేలోపట ఒక్కపారి మొత్తం ఇనాలె. నువ్వు సదివిపెట్టాలె," అంది ఒకనాడు.

"నాకు రాదు గద బాపమ్మా."

"నాకు మాత్రం వచ్చునా? ఇద్దరం నేర్సుకుందం పట్టు."

అని సంచిలోంచి అణాబిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. ఆ నాణెం మీద విలువ అంకె చుట్టూ నాలుగు రకాల రాతలుండేవి. ఒకటి చీమల బారులా ఉంది, రెండు దండెం మీద బట్టల్లా వేలాడుతున్నాయి. నాలుగోది మురుకుల్లా గుండ్రంగా చుట్టుకుని ఉంది. పాటల పుస్తకంలోనివీ ఇలాంటి మురుకులే కాబట్టి ఇదే మనదని తేల్చాం. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండటంతో బాపమ్మకు కళ్ళతో పనిలేకపోయింది, బొటనవేలి గోటితో ఒక్కో మెలిక వెంట పోయేది. నాలుగు అక్షరాలున్నాయి. దీన్ని ఏమంటాం? అణాబిళ్ళ. అ, ణా, బి, ళ్ళ. నాలుగుకు నాలుగు సరిపోయాయి! ఆ సంబరంలో నేను బొగ్గుతో వాకిలంతా ఆ నాలుగూ రాసేశాను.

అంతలోనే కొత్త పైసలొచ్చి, పాతవి ఇక నడవవన్నారు. అణాకు ఆరు పైసలు, నాలుగణాలకు ఇరవై అయిదు. "ఆరు నాల్గులు ఇరవై నాలుగే గదరా, మరి ఆ ఒక్క పైస ఎవడు తిన్నడు?" అని బాపమ్మ దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళనూ నిలదీసేది. బాపు ఇంట్లోని పాత డబ్బంతా పోగుచేసి, మా వైపు పెద్ద ఊరు బీజాపూర్‌కు బయలుదేరాడు.

"అవ్వా, నీ సంచిల అణాలు, బేడలు తియ్యి. మార్చుకొస్త."

బాపమ్మ అన్నీ ఇచ్చింది. నేను పిడికిలి బిగించి ఆమె వెనక నిలబడ్డాను.

"పిల్ల చేతిలది?"

"అది పైస గాదురా, పలక."

"ఆరు పైసల పలకనా! కొత్త పలకే కొనిస్త తియ్యే."

"కొత్త పలక మీద రాత ఉంటదారా?"

బాపు ఏమనుకున్నాడో, నా పిడికిలి మీద తట్టి, మూట భుజానికెత్తుకుని బస్సుకు పోయాడు. ఆ తట్టడానికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మర్నాడు స్నానాలు చేసి, దీపం పెట్టి, పుస్తకం తెరిచాం. మొదటి పాట "అయ్యా" అని మొదలవుతుందని ఇద్దరికీ తెలుసు. తొలి అక్షరం నేను గుర్తుపట్టాను, అణాబిళ్ళ మీద మూడోది. గొంతెత్తి "బియ్యా" అని చదివాను.

"రామయ్యను బియ్యమడుగుతున్నవా? మీ అమ్మ బువ్వ పెట్టలేదా?" అని బాపమ్మ పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. చదువు వచ్చేసిందనుకున్నాను, ఉన్న నాలుగక్షరాలూ పోయాయి. బాపమ్మ నవ్వు ఆపి, బిళ్ళ తీసుకుని గోటితో మళ్ళీ తడిమింది.

"మూడోది అ అయితె, అణా ఎనుక ఉన్నదన్నట్టు. మరి ముందట ఏముంటది?" తనలో తను గొణుక్కుంది. ఉన్నట్టుండి నా తొడ మీద చరిచింది. "అంగట్ల ఏమంటమే పిల్లా? ఒక అణా అంటం! ఒ, క!"

అక్కడి నుంచి తెలిసిన పాట పట్టుకుని అక్షరం తరువాత అక్షరం విప్పుకుంటూ పోయాం. ఒత్తుల దగ్గర చిక్కుపడితే, భద్రాచలం దిక్కు నుంచి సరుకు కోసం వచ్చే బేరగాళ్ళను ఆపేవాళ్ళం. బాపు పొగాకు కొసరు వేసేవాడు, బాపమ్మ వాళ్ళ దగ్గర అక్షరం కొసరు అడిగేది. "గిదేందో జెప్పి పో కొడుకా, పుణ్యముంటది." ఒక్కరూ కాదనలేదు. నా ఒత్తులన్నీ అలా దారినపోయేవాళ్ళు పెట్టినవే.

మళ్ళీ ఇప్పపూలు రాలే నాటికి చివరి పాట చదివాను. బాపమ్మ కదలకుండా విని, "ఎనుక అట్ట మీద ఏమున్నది?" అంది. పాట కాదు, అచ్చువేసినవాళ్ళ పేరు, వెల మూడు అణాలు అని చెప్పాను.

"మూడణాలకు ఇంత దేవుడా!" అంది. "ఆ పేరు గూడ సదువు. అచ్చేసినోళ్ళ కడుపు సల్లగుండ."

చదివాను. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ వానాకాలం బాపమ్మ దాటలేదు. కానీ అనుకున్నది వినే వెళ్ళింది.

అప్పటి నుంచి ఏ పుస్తకం చదివినా చివరన అచ్చువేసినవాళ్ళ పేరు, వెల కూడా పైకి చదివి మొక్కడం నాకు అలవాటయింది. అణాలు పోయాయి, వాటి వెనక వచ్చిన పైసలూ పోయాయి. అంగట్లో ఇప్పుడు డబ్బు ముట్టిందని ఒక చిన్న డబ్బా హిందీలో అరుస్తుంది, చేతిలో ఏదీ గలగలమనదు. మొన్న కోడలు భద్రాచలం నుంచి నాకో కొత్త పాటల పుస్తకం తెచ్చింది. పెద్ద అక్షరాలు, నున్నటి కాగితం. రోజుకొక పాట చొప్పున చదివి, నిన్న ముగించి, వెనక అట్ట తిప్పాను. పేరు ఉంది, చదివాను. వెల ఉండాల్సిన చోట నల్లటి గీతలున్న చీటీ అంటించి ఉంది.

"గా గీతలల్లనే ఉంటది అత్తమ్మా, మిషన్ సదువుతది," అంది కోడలు.

"నువ్వెంత ఇచ్చినవు?"

"ఫోన్‌తోని ఇచ్చిన, యాది లేదు."

వెల ఎంతో తెలియకుండానే పుస్తకానికి దణ్ణం పెట్టుకున్నాను.