మిద్దె మీది ఇటాలియన్ క్లాసు

మా ఇటాలియన్ టీచరమ్మ మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. తిరుపతిలో ఇటాలియన్ టీచరమ్మేంటని మీరు నవ్వితే తప్పేం లేదు, మొదట్లో నేనూ నవ్వినదాన్నే. ఆమెది పలమనేరు. ఇటలీలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి తిరిగొచ్చి, బైరాగిపట్టెడలో కూతురింట్లో ఉండేవారు. మా ఆఫీసులో ఇటలీవాళ్ల ఫోన్లు ఎత్తాలి. పాస్‌వర్డ్ ఎవరో కొట్టేశారనీ, ఆన్‌లైన్లో మోసపోయామనీ వాళ్లు ఫోన్ చేస్తుంటారు. భాష పరీక్ష తప్పితే ఉద్యోగం ఉండదు. అందుకే మేం ముగ్గురు ఆడపిల్లలం సాయంత్రాలు ఆమె మిద్దె ఎక్కేవాళ్లం.

ఎక్కగానే పాఠం ఉండేది కాదు. "తింటివా పాపా? మొగం సూడు, ఎట్ట పీక్కపోయిండాదో" అంటూ ఉప్మా ప్లేటు చేతిలో పెట్టేవారు. తింటూనే వల్లించాలి. "నోన్ దియా ఇల్ కోదిచే ఆ నెస్సూనో", అంటే కోడ్ ఎవ్వరికీ ఇవ్వకండి. తొందరలో మర్యాద మింగేసి "ఇవ్వకు" అన్నట్టు పలికామా, అయిపోయినట్టే! "ఆ పక్కనుండేది మీ అవ్వ వయసు మనిషి. నువ్వట్ట ఉరిమితే ఫోన్ పెట్టేస్తాది" అనేవారు. ఆ చీవాట్లు ఎక్కువ తిన్నది నేనే.

ఇంకో మాట మాత్రం మెత్తగా చెప్పేవారు. "మోసపోయినోళ్లు ముందు వాళ్లని వాళ్లే తిట్టుకుంటారు. 'నేను తిక్కదాన్ని' అననీయొద్దండి. 'నన్ను మోసం చేసినారు' అనిపించండి. పాస్‌వర్డ్ సంగతి ఆ పైన సూసుకుందురు." 'నన్ను మోసం చేశారు' అన్నది ఇటాలియన్లో "మి ఆన్నో ఇంగన్నాతా". మా నోళ్లు నొప్పి పుట్టేదాకా చెప్పించారు.

పోయిన వానాకాలంలో ఆమెకే ఒక మెసేజీ వచ్చింది, పాత స్టూడెంటు పేరుతో. నా కోడ్ పొరపాటున మీ ఫోనుకొచ్చింది, పంపండి టీచర్ అని. పాపం, పంపేశారు. కాసేపటికే ఆమె వాట్సాప్ ఎవడి చేతికో పోయి, ఆమె పేరుతో మా అందరినీ డబ్బులడగడం మొదలైంది. అనుమానం వచ్చి ఎవరమూ పంపలేదు. కూతురు తంటాలుపడి ఖాతాను వెనక్కి తెప్పించింది. టీచరమ్మ మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. "ఒకరికి నేర్పించే మొగమేనా ఇది? ఇంక రావద్దండమ్మా" అని కిటికీలోంచే అన్నారు. మా పరీక్ష దగ్గర పడుతోంది, నిజమే. కానీ ఈమె ఇక ఇలాగే మూల కూర్చుండిపోతారేమోనన్న బెంగ ముందు నాకు పరీక్ష గుర్తుకు రాలేదు.

మర్నాడు మేమే మిద్దెక్కి గట్టిగా పాఠాలు చదివాం, కావాలనే తప్పులతో. అబ్బబ్బ, ఎన్ని తప్పులో! చివరికి మెట్లమీద ఆమె గొంతు వినిపించింది. "సాలించండమ్మా, భాషను సంపేస్తా ఉండారు!"

మేం నవ్వలేదు. కస్టమరుతో మాట్లాడినట్టే నేను ఇటాలియన్లో, "ఏం జరిగిందండీ?" అని అడిగాను. ఆమె పైకొచ్చి పిట్టగోడ పట్టుకున్నారు.

"నేనొట్టి తిక్కదాన్ని పాపా. కోడ్ ఇచ్చేసినాను."

"అట్లా అనకూడదు టీచర్."

కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "మి ఆన్నో ఇంగన్నాతా" అన్నారు. మేం ముగ్గురం ఏడ్చేశాం.

ఆ రోజు పాఠం ఆ కథే. పరీక్ష గట్టెక్కాం. తర్వాత ఏ బ్యాచి వచ్చినా, తను మోసపోయిన సంగతితోనే ఆమె క్లాసు మొదలుపెట్టేవారు, దాచుకోకుండా. ఈరోజు ఫోన్లో ఏడుస్తున్న మనిషికి నేను ధైర్యం చెప్పగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

మొన్న సాయంత్రం చుట్టాలంతా వెళ్లిపోయాక కూతురు ఆమె ఫోను తెచ్చింది. "పిన్ను మీకేమన్నా తెలుసునా పాపా? నాకు కూడా సెప్పలేదు." మాకూ తెలియదు. ఇంతలో ఫోను దానంతటదే మోగింది. క్లాసు వేళకు పెట్టుకున్న అలారం. తెరమీద ఆమె టైపు చేసుకున్న మాట వెలిగింది: "పిల్లలొస్తారు."

దాన్ని ఆపడానికి పిన్ను అక్కర్లేదు. నేను చెయ్యి చాపాను.

"ఉండనీ పాపా," అంది కూతురు, "మోగనీ."