పిండిపిల్లి చెవులు

ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు కొరాంటీన్ దేవుణ్ణి అడిగేది ఒక్కటే. సొలాంజ్ తనకంటే ముందు చావకూడదు. నిండా నూరేళ్ళు బతకాలి, బతికి ఏడవాలి. పదకొండేళ్ళుగా ఇదే ప్రార్థన.

బ్రిటనీ తీరంలోని ఆ చేపల రేవులో సొలాంజ్ అట్ల అంగడికి పేరొచ్చిందంటే అది కొరాంటీన్ చేతి చలవే. పందొమ్మిదేళ్ళు పెనం ముందు నిలబడి నల్లగోధుమ అట్లు పోసింది. ఒకనాడు గ్యాసు భగ్గుమని ఎడమ చెంప కాలింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి పెనం ముందు వేరే పిల్ల ఉంది.

"నీ మొహం చూస్తే తినేవాళ్ళకి ముద్ద దిగదే. వెనకాల గిన్నెలు కడుగుతావా?" అంది సొలాంజ్.

కొరాంటీన్ కడగలేదు. ఎదురింట్లోనే కాపురం కనక, ఆ మర్నాటి నుంచి కిటికీ దగ్గర హోటళ్ళ బల్లగుడ్డలు ఇస్త్రీ చేస్తూ, అంగడిలోకి ఎవరెళ్ళారో, ఎవరు సగం తిని లేచారో చూస్తూ కూర్చుంది. ఒక కన్ను ఇస్త్రీపెట్టె మీద, రెండోది సొలాంజ్ గుమ్మం మీద.

ఆ గుమ్మంలో ఒక తెల్లపిల్లి ఉండేది. పేరు ఫరీన్, అంటే పిండి. బోర్డు మీదా దాని బొమ్మే. పొద్దస్తమానం రాతి అరుగు మీద ఎండలో పడుకునేది, వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకునేవారు. ఒక వేసవిలో దాని చెవి కొసలు ఎర్రబడ్డాయి. ఆ పైన పక్కు కట్టింది, ఊడింది, మళ్ళీ కట్టింది. పిల్లి చెవికి పుండైతే మగపిల్లితో పోట్లాటే అంటారు రేవులో. ఉప్పు వెన్న రాస్తారు. సొలాంజ్ కూడా వెన్న రాసి మళ్ళీ ఎండలోనే కూర్చోబెట్టింది.

కొరాంటీన్ మాత్రం నమ్మలేదు. పోట్లాడాలంటే అది అరుగు దిగాలి కదా. దిగడం ఆమె ఒక్కసారీ చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లే వీధి దాటి వచ్చి ఇస్త్రీబల్ల కింద నీడలో దూరింది. చెవి అంచు ఎలుక కొరికిన కాగితంలా ఉంది. కొరాంటీన్ దాన్ని చేపల బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు కెర్మారెక్ దగ్గరికి నడిచింది.

"పోట్లాట కాదు పిన్నిగారూ, చర్మ క్యాన్సర్" అన్నాడాయన. "తెల్లపిల్లికి చెవుల మీద వెంట్రుకలు పల్చన, చర్మంలో రంగుండదు. ఎండ తినేసింది."

"పూతమందేమైనా ఉందా?"

"పూస్తే పోయేది కాదు. రెండు చెవి డొప్పలూ కోసేయాలి. ముక్కు మీద మచ్చ ఇంకా చిన్నదే, అతి చల్లటి మందుతో మాడ్చేస్తాను. వినికిడికి ఢోకా లేదు. ఈ నెలలో చేస్తే బతుకుతుంది, ఆలస్యమైతే లోపలికి దిగుతుంది."

"అయితే కోసెయ్యండి."

డాక్టరు కుడిచెవి తిప్పి చూపించాడు. లోపల పచ్చబొట్టు అంకెలు. "ఈ అంకెల ప్రకారం పిల్లి సొలాంజ్ పేరు మీదుంది. చెవి కోస్తే ఈ ఆనవాలూ పోతుంది. ఆవిడ సంతకం లేకుండా కత్తి పట్టను."

కొరాంటీన్ వెళ్ళి చెబితే సొలాంజ్ విని నవ్వింది. "చెవుల్లేని పిల్లినా గుమ్మంలో పెట్టుకునేది? చూసినవాళ్ళకి ముద్ద దిగుతుందా? శుక్రవారం సూదేయించి శాశ్వతంగా పడుకోబెట్టేస్తాలే."

కొరాంటీన్ చెంప మండింది. పదకొండేళ్ళ కింద మండినట్టే.

గురువారం మధ్యాహ్నం బయటి బల్లలన్నీ నిండి ఉన్నాయి. కొరాంటీన్ తన ఇస్త్రీబల్ల కింద దూరిన పిల్లిని బుట్టలో తెచ్చి నట్టనడి బల్ల మీద పెట్టి, గుడ్డ తీసింది.

"ఏమిటే ఇది?" సొలాంజ్ పళ్ళ మధ్య నుంచి అంది.

"మీ బోర్డు మీది బొమ్మ, అమ్మగారూ. అసలుది చూపిద్దామని."

ఎవరో ఫోర్కు కింద పెట్టారు.

"ముందా బుట్ట తియ్యి."

"పిల్లిని నాకిచ్చినట్టు ఈ కాగితం మీద సంతకం పెట్టు, తీస్తా."

"నా పిల్లిని నా దగ్గరే లాక్కుంటావా?"

"రేపు సూదేయించి చంపే పిల్లి ఇవాళ ఎవరి దగ్గరుంటే నీకేం?" ఆ మాట మాత్రం కొరాంటీన్ అన్ని బల్లలకీ వినబడేలా అంది.

"చంపడమా?" అంటూ టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

సొలాంజ్ కలం లాక్కుని గీకేసింది. "వెధవ పిల్లికి వెధవ మొహం, సరిపోయింది. ఇద్దరూ నా గడప తొక్కకండి."

"తొక్కం" అంది కొరాంటీన్, కాగితం నాలుగు మడతలు వేస్తూ.

చెవులు పోయాక ఫరీన్ తల సముద్రపు సీలు జంతువు తలలా నున్నగా, గుండ్రంగా తేలింది. పది రోజులు పుండు గీరుకోకుండా మెడకి గరాటాలాంటి పట్టీ తగిలించుకుని గోడలకి గుద్దుకుంటూ తిరిగింది. కోసిన అంచుల్లో రోగం మిగల్లేదని పరీక్షశాల నుంచి కబురొచ్చింది. ముక్కు మీది మచ్చని మాత్రం రెండుసార్లు మాడ్చాల్సి వచ్చింది.

"మూడు నెలలకోసారి చూపించండి. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండ సోకకూడదు" అన్నాడు డాక్టరు.

"ఏడింటికి?"

"ఏడైతే ఫరవాలేదు. ఎందుకూ?"

"ఊరికే అడిగాను నాయనా."

ఏడింటికి సొలాంజ్ దగ్గర రాత్రి భోజనాలు మొదలవుతాయి. సరిగ్గా ఆ వేళకి కొరాంటీన్ కిటికీ తెరిచి, గట్టు మీద మడత నలగని తెల్లగుడ్డ పరిచి, పిల్లిని కూర్చోబెడుతుంది. తినేవాళ్ళు బోర్డు చూస్తారు, పిల్లిని చూస్తారు, మళ్ళీ బోర్డు చూస్తారు. అడిగితే చెబుతుంది, అడక్కపోతే ఇస్త్రీ చేసుకుంటుంది. అడగనివాళ్ళు ఇప్పటిదాకా తగల్లేదు.

వారం తిరక్కుండా సొలాంజ్ బల్లల ముందు నిలువెత్తు గుడ్డతెర కట్టించింది. కొరాంటీన్ పిల్లిని మేడమీది కిటికీకి మార్చింది.